జానెడు మెట్టు

వంతెన పక్క క్వార్టరు
మార్చి 9

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం అందింది. నాలుగు లైన్లు! నాలుగు లైన్లకు కవరు ఎందుకురా, బస్సు డ్రైవరు బాబాయి చెవిలో చెప్పి పంపినా సరిపోయేది. క్షేమం అన్నావు, మరదలి కుట్టుమిషను బాగుచేయించానన్నావు, నది సముద్రంలో కలిసేచోట మొగ పూడుతోందన్నావు, అక్కడితో సంతకం. నాన్న పోతూ పోతూ నాకు తన గేజి ఉద్యోగమూ నీకు తన మూగనోమూ ఇచ్చి పోయినట్టున్నాడు.

ఇక్కడ నది వేసవి నడక మొదలుపెట్టింది. కొండల్లో ఊటలు తగ్గాయి. వంతెన నాలుగో స్తంభం దగ్గర ఇసుక దిబ్బ వీపు చూపిస్తోందని చాకిరేవు వాళ్ళు చెప్పుకుంటున్నారు. ఈ వారం నీటిమట్టం ఆరడుగుల తొమ్మిదంగుళాల నుంచి ఆరుకు దిగింది. పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఒకసారి రేవులోకి దిగడం, వంతెన స్తంభం మీద గేజి పలక చూడడం, ఎక్కడం, ఆఫీసుకి ఫోనులో అంకె చెప్పడం. కొత్త ఇంజనీరు ఎలా ఉన్నావమ్మా అని కూడా అడగడు. అంకె వినగానే ఠక్కున పెట్టేస్తాడు. ఆ ఫోనులో నీతో మాట్లాడదామంటే మధ్యలో ముగ్గురు వింటారు. మనకు ఉత్తరాలే మేలు.

రేవు మెట్లు పాడైపోయాయి, పైవి మరీను. ఎండల్లో బాగుచేయిస్తారట. నా మోకాళ్ళు అప్పటిదాకా ఉంటే చూద్దాం. నిన్న సాయంత్రం ఎక్కి వచ్చేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

మీ అక్క


మొగ దగ్గర, దిగువ వీధి
ఏప్రిల్ 2

అక్కా,

ఈసారి పొడుగ్గా రాస్తున్నాను, తిట్టకు.

మొగ పూర్తిగా మూసుకుపోయింది. నదికి జోరు తగ్గితే సముద్రానిదే రాజ్యం కదా. ప్రతి పోటుకూ తట్టెడు ఇసుక తెచ్చి మన వాకిట్లో పోసి పోతోంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నాలుగు వందల అడుగుల ఇసుక మేట. నిన్న దాని మీద అటు ఒడ్డుకి నడిచి వెళ్ళొచ్చాను, చెప్పు తడవలేదు. మేటకు ఇవతల నది నీరు మడుగు కట్టి నిలబడింది. మా వీధి బావులకు ఆ మడుగే ఆధారం.

కొత్త ఇంజనీరు గారు వచ్చి చూశారు. "వానలు మొదలవగానే తవ్వేస్తే పోలా?" అన్నారు. ఏడేళ్ళ కిందటి సంగతి చెప్పాను. అప్పటి మేస్త్రీ తొందరపడి, నదికి బలం రాకముందే గండి కొట్టాడు. తవ్విన దారిలో నది బయటికి పోవడం మాట అటుంచి సముద్రమే లోపలికి వచ్చింది. బావులన్నీ ఉప్పు. ఏడాది పొడుగునా పడవల మీద నీళ్ళు తెచ్చుకున్నాం. పోనీ ఆలస్యం చేద్దామా అంటే వరదకు దారి లేక వెనక్కి తన్ని వీధిలోకి వస్తుంది. నలభై ఇళ్ళు.

అంతా విని ఆయన కాగితం మీద ఒక్క ముక్క రాసిచ్చారు. వంతెన దగ్గర పన్నెండు అడుగులు నమోదైతేనే పార వేయాలి, అంతకు ముందు వేస్తే బాధ్యత ముఠా మేస్త్రీనైన నాదేనట. అక్కడి నీరు ఇక్కడికి చేరడానికి రోజున్నర, మా ముఠా తవ్వడానికి ఒక పగలు. మా వీధి మొత్తం నీ అంకె మీద ఉందక్కా.

ఒక మాట. నీ అక్షరాలు గీత వదిలి పైకి పోతున్నాయి. "మరదలి" అన్న మాట మీదే "మిషను" రాశావు. ఒంట్లో బాగుందా?

తమ్ముడు


వంతెన పక్క క్వార్టరు
మే 27

ఒరేయ్ చిన్నోడా,

ఒంటికేమీ కాలేదు. బల్లకు ఒక కాలు పొట్టి. బల్ల అటు వాలితే అక్షరాలు ఇటు ఎక్కవూ?

పైగా నీకో శుభవార్త. నా మోకాళ్ళు! మరదలు పంపిన నూనె రామబాణం. పది రోజులుగా రేవు దిగి ఎక్కుతుంటే పదహారేళ్ళ పిల్లలా ఉంది. ఎక్కి వచ్చాక ఆయాసం కూడా లేదు. సీసా అడుగంటింది, ఇంకోటి పంపమను.

తాపీమేస్త్రీ వచ్చి పైన విరిగిన మెట్లన్నీ పగలగొట్టి కొత్తవి కట్టి వెళ్ళాడు. సిమెంటు ఆరాలని వారం రోజులు నన్ను రేవులో కాలు పెట్టనివ్వలేదు. ఆ వారం అంకె ఉజ్జాయింపుగా చెప్పాను, నీ ఇంజనీరు దగ్గర నోరు జారకు. తీరా దిగి చూద్దును కదా, నది రెండడుగుల మూడంగుళాలకు పడిపోయి ఉంది! వారం ముందు నాలుగున్నర. ఇలాంటి ఎండలు నా జన్మలో ఎరగను.

మీ అక్క


మొగ దగ్గర, దిగువ వీధి
జూన్ 14

అక్కా,

నూనె సీసా పంపుతున్నాను. మీ మరదలు పొంగిపోయి వీధంతా టముకు వేసింది. ఇద్దరు ముసలమ్మలు అప్పుడే ఖాళీ సీసాలు పట్టుకుని వచ్చారు.

వంతెన స్తంభం మీద గేజి పలకకు కొత్త రంగు వేయించామని ఇంజనీరు గారు చెప్పారు. బాగుందా? అంకెలు నల్లగా వేశారా, ఎర్రగానా? ఊరికే అడుగుతున్నా.

తమ్ముడు


వంతెన పక్క క్వార్టరు
జూన్ 18

ఒరేయ్ చిన్నోడా,

రంగు బ్రహ్మాండంగా ఉంది. నది తన ముస్తాబు చూసుకుని మురిసిపోతోంది. అయినా ఊరికే అడిగే రకం కాదే నువ్వు! చిన్నప్పుడు "ఊరికే అడుగుతున్నా" అన్నావంటే డబ్బాలో పంచదార ఖాళీ అయిందనే లెక్క.

కొండల మీద మబ్బు పట్టింది. మా పెరట్లో చీమలు గుడ్లు మోసుకుని గోడ ఎక్కుతున్నాయి.

మీ అక్క


మొగ దగ్గర, దిగువ వీధి
జూన్ 22

అక్కా,

నల్లవా ఎర్రవా అని అడిగాను. నువ్వు చెప్పలేదు.

ఏడాదిగా నువ్వు చెప్పి, ఆఫీసు నాకు పంపిన అంకెలన్నీ నా పుస్తకంలో ఉన్నాయి. నిన్న కూర్చుని వరసగా చదివాను. ఆరడుగుల తొమ్మిది. ఆరు. అయిదడుగుల మూడు. నాలుగున్నర. దిగినప్పుడల్లా తొమ్మిదంగుళాలే. నది ఒకరోజు అంగుళం దిగుతుంది, ఒకరోజు అసలు దిగదు. మెట్టు మెట్టుగా దిగేది మనిషి.

మన రేవు మెట్టు ఎంతో నాకు తెలుసు. ఒక జాన. నీ చెయ్యి దానికి సరిగ్గా సరిపోయిన రోజు నువ్వు గంతులేశావు, నాన్న నవ్వాడు, నాకు చెయ్యి చాలక ఏడ్చాను. నువ్వు పలక చూడడం లేదక్కా. పద్దెనిమిది అడుగుల మట్టంలో ఉన్న గట్టు నుంచి పొడి మెట్లు లెక్కపెట్టి, పాదానికి నీళ్ళు తగిలిన చోట ఆగి, మిగతాది నోటిలెక్క వేస్తున్నావు. ఎందుకో చెప్పు. నాకు భయంగా ఉంది.

తమ్ముడు


వంతెన పక్క క్వార్టరు
జూన్ 25

తమ్ముడూ,

ఎవరికి రా పాఠాలు? నిన్ను చంకనేసుకుని ఆ మెట్లు దిగి, ఆ పలక మీదే నీకు అంకెలు నేర్పింది నేను. తాతకు దగ్గులు నేర్పుతున్నావా? నా అంకె నచ్చకపోతే నువ్వే వచ్చి చూసుకో.

పై నాలుగు ముక్కలూ పొద్దున కోపంలో రాశాను. కొట్టేయను, ఉండనీ.

కళ్ళు పోతున్నాయిరా. పోయిన వానాకాలం నుంచి. ముందు పలక మీద అంగుళాలు కలిసిపోయాయి, తర్వాత అడుగులు, ఇప్పుడు పలకే స్తంభంలో కలిసిపోయింది. కంటి నరం ఎండిపోతోందట, ఆపరేషనుకు లొంగదట. నీ ఉత్తరాలు భూతద్దం కింద బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో అక్షరం ఏరుకుంటున్నాను. రాసేటప్పుడు ఎడమచేతి వేలు ఆనించుకుని దాని పక్కన రాస్తాను. బల్ల నాలుగు కాళ్ళూ సమానమే.

ఇది బయటపడితే ఉద్యోగంతో పాటు క్వార్టరూ పోతుంది. ఎక్కడికి పోను? నీ ఇంటికి వచ్చి మరదలికి బరువు కాలేను. మెట్లు అబద్ధం చెప్పవురా. తొమ్మిదంగుళాలు అటూ ఇటూ అయితే మునిగిన ఇల్లు లేదు. ఈ వానలు దాటనివ్వు. తర్వాత నేనే చెబుతాను.

అక్క


మొగ దగ్గర, దిగువ వీధి
జూలై 3

అక్కా,

మూడు రోజులు కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఒక పక్క నలభై ఇళ్ళు, ఒక పక్క నువ్వు.

సరే. ఎవరికీ చెప్పను, మీ మరదలికి కూడా. తొమ్మిదంగుళాలు నేను సర్దుకుంటాను. నువ్వు పదకొండడుగుల మూడు అనగానే ముఠాను పిలిచి పారలు పట్టిస్తాను. కానీ నాకు ఒట్టు పెట్టు. ఏ చిన్న తేడా అనిపించినా, పిచ్చి అనుమానమైనా సరే, దాచకుండా రాయి. ఉత్తరం ఒక పూటలో వస్తుంది, నీళ్ళకు రోజున్నర పడుతుంది. ఆ కాస్త వ్యవధే మనకున్నది.

బరువు అన్న మాట మళ్ళీ రాస్తే ఉత్తరం చింపేస్తాను.

తమ్ముడు


వంతెన పక్క క్వార్టరు
ఆగస్టు 4, పొద్దున

చిన్నోడా,

బాబాయి హారన్ కొడుతున్నాడు, గబగబా రాస్తున్నా. మూడు రోజులుగా కొండల్లో ఒకటే వాన. దోసిట పడితే ఒండ్రు వేళ్ళ మధ్య మిగులుతోంది. మెట్లు రెండుసార్లు లెక్కపెట్టాను. పదకొండు పొడిగా ఉన్నాయి. తొమ్మిదడుగుల తొమ్మిదంగుళాలు. ఏడింటికి ఫోనులో అదే చెప్పాను.

ఒట్టు పెట్టించుకున్నావు కనుక ఇది కూడా రాస్తున్నాను. చప్పుడు తేడాగా ఉంది. నీరు పన్నెండుకు వస్తే వంతెన కింద అడ్డ దూలానికి కొట్టుకుని గుడగుడమంటుంది, గుర్తుందా? ఆ చప్పుడుకు జడిసి నా వెనక దాక్కునేవాడివి. పొద్దున్నుంచీ అదే వినిపిస్తోంది. మెట్లు తొమ్మిదీ ముప్పావు అంటున్నాయి, చెవి పన్నెండు అంటోంది. కళ్ళ దారిలోనే చెవులూ పోతున్నాయేమో.

మోకాళ్ళు మాత్రం ఉక్కు ముక్కలు. వానలో రెండుసార్లు దిగి ఎక్కినా కిక్కురుమనలేదు. నూనె చలవ.

అక్క


మొగ దగ్గర, దిగువ వీధి
ఆగస్టు 4, మధ్యాహ్నం

అక్కా,

బస్సు తిరిగి బయల్దేరేలోగా రాస్తున్నాను.

నీ చెవులు పోలేదు. నీ మోకాళ్ళూ బాగుపడలేదు. మీ మరదలిని నిలదీసి అడిగాను, ఆ సీసాలో ఉన్నది వంటనూనె, కాస్త కర్పూరం. అది రాసుకున్న ఇద్దరు ముసలమ్మలూ ఇంకా మూలుగుతూనే ఉన్నారు.

మెట్లు పొట్టివయ్యాయక్కా. తాపీమేస్త్రీ పైమెట్లు తక్కువ ఎత్తులో, ఎక్కువ మెట్లుగా కట్టిపోయాడు. అందుకే నీకు ఎక్కడం తేలికైంది. ఎక్కువ మెట్లు పొడిగా తగులుతుంటే నది దిగువన ఉందనుకుంటున్నావు. మే నెలలో నాలుగున్నర నుంచి రెండడుగుల మూడంగుళాలకు పడింది ఎండ వల్ల కాదు, తాపీ వల్ల. అప్పుడు మాయమైన రెండడుగుల మూడంగుళాలు ఈ పొద్దుటి నీ అంకెకు కలిపి చూడు. సరిగ్గా పన్నెండు.

ఇంజనీరు గారికి చెబుదామంటే ఫోను లైను పొద్దుటే తెగింది. మూడింటికి సముద్రం వెనక్కి తగ్గే పాటు మొదలవుతుంది. అది వదులుకుంటే రేపటిదాకా తవ్వలేం, రేపు సాయంత్రానికి నీ నీళ్ళు మా గుమ్మంలో ఉంటాయి. మేట మీదికి వెళుతున్నాను. "అంకె వచ్చిందా మేస్త్రీ?" అని ముఠా అడుగుతుంది. వచ్చిందంటాను. నా లెక్క తప్పైతే నలభై ఇళ్ళ బావులనూ నా చేత్తో ఉప్పు చేసినవాణ్ణవుతాను.

పైమెట్టును నీ జానతో కొలిచి చూడు. నీ జవాబు కోసం ఆగలేను.

తమ్ముడు


వంతెన పక్క క్వార్టరు
ఆగస్టు 4, సాయంత్రం

చిన్నోడా,

కొలిచాను. వానలో రేవు మెట్ల మీద కూర్చుని కొలిచాను. బొటనవేలు కింద ఆనించి చెయ్యి చాపితే చిటికెనవేలు మెట్టు దాటి గాలిలో నిలబడింది. అలాంటివి తొమ్మిది. పదో మెట్టుకు జాన సరిగ్గా సరిపోయింది. అది నాన్న నాటి రాయి. దాని మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చాను.

ఇన్నాళ్ళూ వాటి మీదే నడుస్తూ, పడుచుదాన్నయ్యానని సంబరపడ్డానురా. ఎక్కడం తేలికైతే ఎందుకు తేలికైందని ఒక్కసారి అడుక్కోలేదు.

అయిదింటికి ఫోనులో నిజం చెప్పేద్దామనుకున్నాను. ఇక్కడా లైను లేదు. నా మాట మీద నీకింక నమ్మకం ఉంటుందో లేదో. ఈ కాగితం అంచున నా జాన పెట్టి రెండు గీతలు గీశాను, నువ్వే కొలుచుకో. తవ్వావా? నీళ్ళు ఎటు పోయాయి? మరదలు ఎక్కడుంది? ఈ ఉత్తరం రేపు పొద్దుటి బస్సుకు గాని కదలదు. ఇక్కడ కూర్చుని ఆ గుడగుడ వినడం తప్ప నా చేతిలో ఏమీ లేదు.

అక్క


మొగ దగ్గర, దిగువ వీధి
ఆగస్టు 9

అక్కా,

అందరం క్షేమం. ముందు అది చదువుకో.

మూడింటికి మొదటి పార వేశాం. పగలంతా పట్టే పని, ఇరవై మందిమి వానలో పొద్దుగూకేలోపు ముగించాం. కాలువ సముద్రానికి కలిపాక నీళ్ళు పిల్లకాలువలా జారాయి. ముందుకు పోవాలో వెనక్కి రావాలో తేల్చుకోనట్టు కాసేపు అక్కడే తారాడాయి. ఆ కాసేపట్లో నేను బతికి లేను. ముఠా అంతా నా మొహం చూస్తోంది. అప్పుడు వెనక నుంచి నది తోసింది. అటూ ఇటూ ఇసుక గోడలు గదులంత ముక్కలుగా విరిగిపడ్డాయి. తెల్లారేసరికి మొగ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా తెరుచుకుంది. ఆ సాయంత్రం పెద్ద వరద వచ్చింది. మా గుమ్మం మెట్లు కొట్టుకుపోయాయి, నీళ్ళు ఇంట్లోకొచ్చి కుట్టుమిషను పెడలు దాకా లేచి ఆగాయి. మీ మరదలు నన్ను వదిలేసి మిషనును కౌగిలించుకుని కూర్చుంది. బావులు తియ్యగానే ఉన్నాయి.

ఇంజనీరు గారు వచ్చి చూసి సంతోషించారు. నువ్వు ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఇకనుంచి మూడు మెట్లు తగ్గించి లెక్కపెట్టుకో. అంతా సర్దుకుంది.

తమ్ముడు


వంతెన పక్క క్వార్టరు
ఆగస్టు 20

చిన్నోడా,

దస్తూరీ చూసి కంగారుపడకు. నేను చెబుతుంటే బడి పంతులమ్మ రాస్తోంది. తిట్లు కూడా ఉన్నవి ఉన్నట్టు రాయాలని ముందే మాట తీసుకున్నాను.

అంతా సర్దుకుందా? ఇంజనీరు సంతోషించాడా? బాబాయి నోరు మూసుకునే మనిషే, నేనే పీకల మీద కూర్చుని చెప్పించాను. పన్నెండు నమోదు కాకుండా గండి కొట్టినందుకు నిన్ను పనిలోంచి ఆపేశారట. పన్నెండని ఎలా తెలిసిందని అడిగితే "అనిపించింది" అన్నావట. వెర్రిమొహమా, అబద్ధం ఆడినా అతికినట్టుండాలి!

నీ మీద కోపం ఎంతసేపు? నా సంగతి చెబుతాను విను. ఫోను లైను రెండు రోజులకే వచ్చింది. నా నోరే రాలేదు. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. "అంతా సర్దుకుంది" అన్న ముక్క పట్టుకుని నన్ను నేనే జోకొట్టుకున్నాను. నలభై ఇళ్ళను ముంచబోయినదాన్ని, క్వార్టరు పోతుందని పదమూడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నాను. సిగ్గుగా ఉందిరా.

నిన్న ఆఫీసుకి రాయించాను. ఏడాదిగా పలక చూడలేదని, మెట్లు లెక్కపెట్టానని, ఆ పొద్దున అసలు మట్టం పన్నెండని, అది కనిపెట్టింది మా తమ్ముడొక్కడేనని. అనుమానముంటే మెట్లు ఎక్కడికీ పోలేదు, వచ్చి కొలుచుకోమన్నాను. నెలాఖరుకు క్వార్టరు ఖాళీ చేస్తాను. ఇక్కడే బడి వెనక ఒక గది ఉందంటున్నారు, చూస్తాను.

ఈ పొద్దున పంతులమ్మను రేవుకు తీసుకెళ్ళి పలక చదివించాను. ఏడడుగుల నాలుగంగుళాలు. మెట్ల లెక్కకు దొరకని అంకె! ఫోనులో అదే చెప్పాను. ఏడాది తర్వాత నా నోటి నుంచి వచ్చిన మొదటి సరైన అంకె.

నువ్వు అడిగినదానికి జవాబు బాకీ ఉన్నాను. ఎర్రవట.

మీ అక్క


మొగ దగ్గర, దిగువ వీధి
ఆగస్టు 28

అక్కా,

ఇంజనీరు గారు మీ రేవుకు వెళ్ళి మెట్లు కొలిచి వచ్చారట. నిన్న నన్ను పిలిచి, నా మీద ఉన్న కాగితం నా ముందే చింపేశారు. అప్పుడు నేను నోరు విప్పాను. నీ కళ్ళ సంగతి జూన్ నుంచీ నాకు తెలుసని చెప్పాను. అంకె వచ్చిందని ముఠాకు అబద్ధం చెప్పి తవ్వించాను, ఇంకో అబద్ధం మీద మేస్త్రీగా నిలబడడం నా వల్ల కాలేదు. మేస్త్రీ పని తీసేశారు. ముఠాలో పార పని ఇచ్చారు. నడుం విరిగిపోతోంది. మీ మరదలి నూనె రాస్తున్నాను, ఏమీ పనిచేయడం లేదు.

బడి వెనక గది చూడకు. ఆదివారం బాబాయి నీ కోసం ముందు సీటు ఉంచుతాడు. మీ మరదలు మిషను పక్కకు జరిపి కిటికీ దగ్గర నీ మంచం వేసింది. నేను చెబితే వేసింది కాదు, నీ ఉత్తరం చదివి వినిపించగానే లేచి జరిపింది. ఆ కిటికీలోంచి మొగ వినిపిస్తుంది. ఇప్పుడు నది జోరు మీద ఉంది. చలికాలం వెళ్ళేసరికి మళ్ళీ సముద్రం ఇసుక మోయడం మొదలుపెడుతుంది. ఆ చప్పుడు మారేది మా అందరికంటే ముందు నీకే తెలుస్తుంది.

గుమ్మానికి కొత్త మెట్లు కట్టాను. నాలుగు. తాపీమేస్త్రీని దగ్గరికి రానివ్వలేదు. నీ ఉత్తరం అంచున ఉన్న ఆ రెండు గీతలు పెట్టి కొలిచి, ఒక్కొక్కటీ నేనే కట్టాను. నీకు నచ్చినట్టు లెక్కపెట్టుకుంటూ దిగవచ్చు.

నీ చిన్నోడు